కనిపించని వంటమనుషులు

ఈ వారం మన శీర్షికలో కూరలూ, పచ్చళ్ళూ కాస్త పక్కన పెట్టి ఒంటి సంగతి మాట్లాడుకుందాం. అందుకు కారణం ఉంది. పోయిన నెల మా ఇంట్లో జరిగిన ఒక సంఘటన నన్ను చాలా భయపెట్టింది. అందులో తప్పు నాదే. వారం వారం మీకు చిట్కాలు చెప్పే నేనే ఆ తప్పు చేశానంటే, తెలియక చేసేవాళ్ళు ఇంకెంతమందో అనిపించింది.

మా మేనకోడలు తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. పండంటి మగపిల్లవాడు పుట్టాడు. ఇరవై ఒకటో రోజున బారసాల చేసి ఉయ్యాలలో వేశారు. పసివాడి ఒంటికి మెత్తగా ఉంటాయి కదా అని, మా అమ్మ కట్టుకున్న పాత నేతచీరలు నా ట్రంకుపెట్టెలో దాచినవి తీసి ముక్కలు చేసి పట్టుకెళ్ళాను. పెట్టె నిండా కలరా ఉండలు. ఆ ఘాటు వాసన వస్తే బట్ట శుభ్రంగా ఉన్నట్టే అని మన నమ్మకం. ఉతకలేదు, ఎండలో వేయలేదు. ఒళ్ళంతా నూనె రాసి నలుగుపెట్టి నీళ్ళు పోశాక ఆ గుడ్డలోనే చుట్టి పడుకోబెట్టేవాళ్ళం.

మూడో రోజుకి పిల్లవాడు పాలు సరిగా తాగడం మానేశాడు. ముఖం పాలిపోయింది. కళ్ళు పసుపు రంగుకి తిరిగాయి. పక్కగుడ్డ మీద మూత్రం మరక టీ డికాక్షన్‌లా కనబడింది. మా వదిన "పుట్టినప్పుడు వచ్చిన కామెర్లే మళ్ళీ తిరగబెట్టాయి, పొద్దుటెండలో చూపిస్తే పోతుంది" అంది. నేనూ తలూపాను. మా మేనకోడలు మాత్రం "అత్తయ్యా, వీడు నిన్నటిలా లేడు" అని ఏడుపు మొదలుపెట్టింది. తల్లి మనసు కదా! అప్పటికే ఒక పూట గడిచిపోయింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ బాబుని చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా? "కలరా ఉండలు వేసిన బట్టలేమైనా తొడిగారా?" అని. నా గుండె ఆగినంత పనైంది.

తరవాత ఏమైందో చివర చెబుతాను. ముందు ఆ వాసనకీ పసివాడి రక్తానికీ ఉన్న సంబంధం అర్థం కావాలంటే, ఎంజైములనే మాట గురించి నాలుగు ముక్కలు తెలుసుకోవాలి. కంగారు పడకండి, ఇది పాఠం కాదు. మన వంటింట్లో రోజూ చూసేదే.

ఎంజైమ్ అంటే ఏమిటి?

ఒక ముద్ద ఉత్త అన్నం నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు మింగకుండా నమలండి. కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. చక్కెర ఎవరు వేశారు? మన లాలాజలంలో ఉన్న ఎమిలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని విడగొట్టి చక్కెరగా మార్చింది. మాంసం కూరలో పచ్చిబొప్పాయి ముక్క వేస్తే తొందరగా మెత్తబడటం, వంకాయ తరిగి ఉంచితే నల్లబడటం, ఇవన్నీ ఎంజైముల పనులే.

ఒంట్లో ఎంజైములు వేల రకాలున్నాయి. వీటిని వంటమనుషులనుకోండి. ఒక్కొక్కరికి ఒక్కొక్క వంటే వచ్చు. గారెలు వేసే ఆవిడ బూరెల జోలికి పోదు. వంట ఎంత చేసినా వాళ్ళు మాత్రం కరిగిపోరు. ఒక వాయ దించి ఇంకో వాయకి సిద్ధమవుతారు. అందుకే ఇవి కొంచెం ఉన్నా బోలెడు పని జరుగుతుంది. కానీ ఈ వంటమనుషులు మహా సుకుమారులు. పొయ్యి సెగ, పులుపు, చేతి కింద మనిషి, అన్నీ సరిగ్గా కుదరాలి. ఏది తప్పినా పని ఆగుతుంది.

ఇవి మాంసకృత్తులతో తయారైనవని మొదట నిరూపించిన జేమ్స్ సమ్నర్ అనే అమెరికా శాస్త్రవేత్తకి ఒక చెయ్యి లేదు. పదిహేడో ఏట వేటలో తుపాకీ దెబ్బ తగిలి ఎడమచెయ్యి పోయింది. ఆయనది ఎడమచేతి వాటం. అయినా పట్టు విడవకుండా కుడిచేత్తో పని నేర్చుకుని, మన చమ్మకాయకి దగ్గరి చుట్టమైన ఒక గింజ నుంచి 1926లో యూరియేజ్ అనే ఎంజైముని స్ఫటికాలుగా విడదీశాడు. 1946లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

మొదటిది వేడి

పెరుగు తోడు వేసేటప్పుడు పాలలో వేలు పెట్టి చూస్తాం. మరీ వేడిగా ఉంటే తోడు చచ్చిపోతుంది. మరీ చల్లగా ఉంటే పొద్దుటికి కూడా తోడుకోదు. గోరువెచ్చగా ఉండాలి. తోడులో ఉండే సూక్ష్మజీవులు, వాటిలోని ఎంజైములు ఆ వేడిలోనే చురుగ్గా పనిచేస్తాయి.

మన ఒంటి ఎంజైములకీ అంతే. వాటికి సరిపడే వేడి 37 డిగ్రీల సెంటీగ్రేడు, అంటే మనం థర్మామీటరులో చూసే 98.4కి కాస్త అటూ ఇటూ. చలికి అవి నెమ్మదిస్తాయి కానీ చావవు. ఫ్రిజ్‌లో పెట్టిన కూరలు నిలవ ఉండటానికి ఇదొక కారణం. వేడి మరీ ఎక్కువైతే మాత్రం కోడిగుడ్డు ఉడికినట్టు వాటి రూపమే మారిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కాదు కదా!

జ్వరం వచ్చినప్పుడు ఒక్కో సెంటీగ్రేడు డిగ్రీ పెరిగేకొద్దీ ఒంట్లో ఖర్చయ్యే శక్తి సుమారు పది శాతం పెరుగుతుంది. అందుకే "జ్వరానికి లంఖణం పరమౌషధం" అని పిల్లల్ని పస్తు పెట్టకండి. గంజి, పాలు, పళ్ళరసం, జావ కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండాలి. దుప్పట్లు కప్పి చెమట పట్టించకూడదు. గాలి ఆడనివ్వాలి.

మన ఎండాకాలంలో వడదెబ్బ ఎందుకంత ప్రమాదమో కూడా ఇప్పుడు అర్థమవుతుంది. ఒంటి వేడి 104 దాటి, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పినా అది మామూలు జ్వరం కాదు. నీడకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి విసురుతూ వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. స్పృహలేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

రెండోది పులుపు

తరిగిన వంకాయ ముక్కల్ని ఉప్పునీళ్ళలో, అరటికాయ ముక్కల్ని పల్చటి మజ్జిగలో వేస్తాం. ముక్కకి గాలి తగలకుండా నీళ్ళు కాపాడతాయి. మజ్జిగలోని పులుపు, నల్లబరిచే ఎంజైముని అణచిపెడుతుంది. మన పెద్దవాళ్ళకి ఎంజైమ్ పేరు తెలియకపోయినా దాన్ని ఎలా లొంగదీయాలో తెలుసు.

పొట్టలో సంగతి ఇంకా చిత్రం. నోట్లో ఉన్న ఎంజైముకి పులుపూ క్షారమూ కాని మధ్యస్థితి కావాలి. జీర్ణకోశంలో పప్పు, గుడ్డు, మాంసం లాంటివాటిని అరిగించే పెప్సిన్‌కి నిమ్మరసమంత, అంతకన్నా ఎక్కువ పులుపు కావాలి. చిన్నపేగులోకి వెళ్ళేసరికి అక్కడి ఎంజైములకి పులుపు గిట్టదు, కాస్త క్షారం కావాలి. ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్ళు, ముగ్గురివీ మూడు రుచులు!

కడుపు ఉబ్బరంగా ఉందని రోజూ తినేసోడా నీళ్ళలో కలుపుకు తాగే అలవాటు కొందరికి ఉంది. పొట్టలో ఉండవలసిన పులుపుని అలా రోజూ చంపుకుంటే పెప్సిన్ పని కుంటుపడుతుంది. పైగా సోడాతో ఒంట్లోకి ఉప్పు చేరి రక్తపోటు ఉన్నవాళ్ళకి చేటు చేస్తుంది. ఎప్పుడో ఒకసారైతే సరే, నెలల తరబడి మంట, ఉబ్బరం ఉంటే డాక్టరుకి చూపించాలి.

మూడోది చేతి కింద మనిషి

ఎంత గొప్ప వంటమనిషైనా కూరలు తరిగి ఇచ్చే మనిషి లేకపోతే వంట సాగదు. చాలా ఎంజైములకి అలాంటి తోడు కావాలి. ఇనుము, జింకు, మెగ్నీషియం వంటి ఖనిజాలు, బి విటమిన్లు ఆ తోడు మనుషులు.

ఒకప్పుడు మన ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు ఎక్కువగా ఉండేది. కాళ్ళు పట్టుతప్పడం, నీరు పట్టడం, గుండె బలహీనం కావడం దాని లక్షణాలు. కారణం ఏమిటంటే మరపట్టిన తెల్లటి బియ్యం. అన్నంలోని చక్కెరని శక్తిగా మార్చే ఎంజైముకి బి1 విటమిన్ తోడు ఉండాలి. ఆ విటమిన్ తవుడుతో పోయింది. కంచం నిండా అన్నం ఉన్నా దాన్ని వాడుకునే దారి ఒంటికి లేకపోయింది.

అందుకే బియ్యాన్ని నాలుగైదు నీళ్ళు పోసి పిసికి పిసికి కడగకండి. గంజి వారిస్తే పారబోయకండి, చారులోనో మజ్జిగలోనో కలపండి. అత్తెసరు పెట్టుకుంటే మరీ మంచిది. దంపుడు బియ్యం, ఉప్పుడు బియ్యం, పప్పులు, వేరుసెనగలు, నువ్వులు, ఆకుకూరలు వారంలో తరచుగా ఉండేలా చూడండి. ఇంట్లో అందరికీ వడ్డించి అడుగున మిగిలింది మీరు తింటే, మీ ఒంట్లో వంటమనుషులకి తోడు ఎవరు?

నాలుగోది అడ్డుపుల్ల

తాళంచెవి దూరే చోట పుల్ల విరిగి ఇరుక్కుంటే తాళం తెరుచుకోదు. కొన్ని మందులు, విషాలు అచ్చం ఇలాగే ఎంజైములకి అడ్డుపడతాయి.

అడ్డుపడటం ఒక్కోసారి మేలు కూడా. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో ఫోలిక్ ఆసిడ్ అనే బి విటమిన్ మీద పనిచేశారు. ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనా అదే జబ్బు పడి బతికి బయటపడ్డవాడు. ఆయన బృందం ఆ విటమిన్‌ని తయారుచేయడంతో ఊరుకోలేదు. దాన్ని వాడుకునే ఎంజైముకి అడ్డుపడే మందులూ చేసింది. రక్త క్యాన్సర్‌కీ, కీళ్ళవాతానికీ నేటికీ వాడుతున్న మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. గర్భిణులకి ఇచ్చే ఫోలిక్ ఆసిడ్ మాత్ర చూసినప్పుడల్లా మన తెలుగాయన్ని ఒకసారి తలుచుకోండి.

ఇక కీడు చేసే అడ్డు అంటే పొలంలో కొట్టే పురుగుమందు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు మన నరాలకి అవసరమైన ఒక ఎంజైముని బంధించేస్తాయి. నోట చొంగ, ఒళ్ళంతా చెమట, కళ్ళ నీళ్ళు, కంటిపాప సూదిమొనంత కావడం, వాంతులు, కండరాలు అదరడం, ఊపిరాడకపోవడం వరసగా వస్తాయి. నోటితో తాగనక్కర్లేదు, చర్మం మీద పడినా చాలు.

కాబట్టి మందు కొట్టి వచ్చినాయన బట్టలు ఇంటిల్లిపాదివాటితో కలిపి నానబెట్టకండి. చేతులకి తొడుగులు వేసుకుని విడిగా ఉతకండి. ఆయన సబ్బుతో స్నానం చేశాకే పిల్లల్ని ఎత్తుకోవాలి. ఖాళీ డబ్బాల్లో నూనె, ఉప్పు పోసుకోవద్దు. పొరపాటున ఎవరైనా మింగితే సబ్బునీళ్ళు తాగించి కక్కించే ప్రయత్నం చేయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. మందు పడిన బట్టలు విప్పేసి, ఒళ్ళు కడిగి, ఆ సీసాతో సహా ఆస్పత్రికి పరుగెత్తండి. దీనికి విరుగుడు మందులున్నాయి.

అయిదోది పుట్టుక, వయసు

"మా అత్తగారు పాలు తాగితే కడుపు ఉబ్బి విరేచనాలవుతాయి, పెరుగన్నం మాత్రం హాయిగా తింటారు. ఇది నటన కాదు కదా?" అని ఒక సోదరి అడిగారు. ముమ్మాటికీ కాదమ్మా! పాలలోని చక్కెరని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము పసితనంలో నిండుగా ఉంటుంది. పెద్దయ్యాక మన దక్షిణాదిలో చాలామందికి తగ్గిపోతుంది. పెరుగులో ఆ చక్కెర కొంత ముందే ఖర్చయిపోతుంది, తోడులోని సూక్ష్మజీవులు మిగతాదానికి సాయపడతాయి. ఆవిణ్ణి పాలు తాగమని బలవంతపెట్టకండి. పెరుగు, మజ్జిగ, రాగిజావ ఇవ్వండి.

మళ్ళీ మా పసివాడి దగ్గరికి

ఇప్పుడు ఆ కలరా ఉండల సంగతి. మన ఎర్ర రక్తకణాలు దెబ్బతినకుండా కాపాడే ఎంజైము ఒకటుంది. దాని పేరు పొడుగు. పొట్టిగా జి-6-పి-డి అంటారు. ప్రపంచంలో సుమారు నలభై కోట్లమందికి ఇది పుట్టుకతోనే తక్కువగా ఉంటుందని అంచనా. మన దేశంలోనూ చాలామందికి ఉంది. మలేరియాకి వాడే ప్రైమాక్విన్ మాత్ర వేసుకున్న కొందరిలోనే రక్తం ఎందుకు విరిగిపోతోందని వెతుకుతూ 1956లో దీన్ని గుర్తించారు.

ఈ లోపం ఉన్నా మనిషి మామూలుగానే ఉంటాడు. ఏ గొడవా లేకుండా ముసలితనం దాకా బతికేవాళ్ళు ఎందరో. కానీ కలరా ఉండల్లోని నాఫ్తలీన్ వంటిది ఒంట్లోకి చేరితే కాపలా లేని కణాలు పగిలిపోతాయి. అందుకే ముఖం పాలిపోవడం, కళ్ళు పచ్చబడటం, మూత్రం నల్లటి టీ రంగులో రావడం. ఆ వాసన పీల్చినా చాలు, చర్మం గుండా ఎక్కినా చాలు. నూనె రాసిన చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. మేం చేసింది సరిగ్గా అదే.

బాబుకి రక్తం ఎక్కించారు, దీపాల కింద పడుకోబెట్టారు. పసిపిల్లల్లో కామెర్లు మరీ ముదిరితే మెదడు దెబ్బతింటుందట. ఆ రెండు రాత్రులూ ఆస్పత్రి వరండాలో నేను కళ్ళు మూయలేదు. మూడో రోజు వాడు ఆవురావురుమని పాలు తాగాడు. ఇప్పుడు బోసినవ్వులు నవ్వుతున్నాడు.

కథ అంతటితో అయిపోలేదు. ఈ లోపం తల్లి ద్వారా కొడుకులకి వస్తుందని డాక్టరమ్మ చెప్పగానే బాబు నాయనమ్మ "మా వంశంలో లేని జబ్బు" అని ఒక మాట అనేసింది. మా మేనకోడలి ముఖం చిన్నబోయింది. నేను ఊరుకోలేదు. "వదినగారూ, కళ్ళ రంగు, జుట్టు రంగు వచ్చినట్టే ఇదీ వచ్చింది. అది ఆ పిల్ల చేసుకున్నది కాదు. వాడికి జబ్బు చేసింది తల్లి రక్తం వల్ల కాదు, నా పెట్టెలో ఉండల వల్ల. అనాలంటే నన్ను అనండి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరవాత కోడలి చేతిలోంచి పిల్లవాణ్ణి తీసుకుని "నువ్వు కాసేపు పడుకోమ్మా" అంది. నాకు అది చాలు.

గుర్తుంచుకోండి

* పసిపిల్లల బట్టలు, పక్కలు, ఉయ్యాల గుడ్డల్లో కలరా ఉండలు వేయనే వద్దు. ఎండిన వేపాకు, వట్టివేళ్ళు చాలు. అప్పుడప్పుడు ఎండలో వేస్తే పురుగు పట్టదు.

* ఉండలు వేసిన పెట్టెలోంచి తీసిన బట్ట, పెద్దవాళ్ళదైనా సరే, ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా గాలికి ఆరేయండి. ఆ చీర కట్టుకుని పసివాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టకండి.

* కర్పూరం కూడా పిల్లలకి అందనివ్వకండి. నోట్లో వేసుకుంటే విషమే.

* ఈ లోపం ఉన్న పసిపిల్లలకి గోరింటాకు పెట్టకూడదు. దానివల్లా రక్తం విరుగుతుంది. ఉందో లేదో తెలియనప్పుడు నెలల పిల్లలకి గోరింటాకు మానడమే మేలు. ముద్దుకి కాళ్ళకి పసుపు రాయండి.

* ఉత్తరాదిన బాక్లా అనే పెద్ద గింజల చిక్కుడు వీళ్ళకి పడదు. మన పందిరి చిక్కుడు వేరు, దానికి భయం లేదు.

* ఇంట్లో ఒకరికి ఉందని తెలిస్తే అన్నదమ్ములకీ, మేనమామలకీ పరీక్ష చేయించండి. రక్తం విరుగుతున్న సమయంలో చేస్తే ఒక్కోసారి ఫలితం మామూలుగా కనబడుతుంది. మళ్ళీ ఎప్పుడు చేయించాలో డాక్టర్నే అడగండి. లోపం ఉన్నట్టు తేలితే చీటీ మీద రాయించి, ఏ జబ్బుకి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు అది చూపించాలి.

* వారాల పిల్లలకి కొత్తగా కామెర్లు కనబడినా, పాలు మానేసినా, మూత్రం ముదురు రంగులో ఉన్నా పసర్లు, ఎండ చూపించడాలు అంటూ పూట పోగొట్టకండి.

చివరగా ఒక మాట. "అరుగుదలకి ఎంజైమ్ టానిక్కులు తాగవచ్చా?" అని చాలామంది రాస్తున్నారు. క్లోమం పాడైనవాళ్ళకి డాక్టర్లు వీటిని తప్పక ఇస్తారు. మిగతావాళ్ళకి సాధారణంగా అక్కర్లేదు. నెమ్మదిగా నమిలి తినండి, వేళకి తినండి. మీ ఒంట్లోని వంటమనుషులు మిగతాది చూసుకుంటారు.

నా ట్రంకుపెట్టె ఇప్పుడు ఖాళీగా డాబా మీద ఎండుతోంది. మీ పెట్టె కూడా ఈ ఆదివారం ఒకసారి తెరిచి చూడండి.